బందు చేసే ముందు

దసరా సెలవులు ముగిసి ఎనుమాముల మిర్చి మార్కెట్ తెరిచిన రోజు పొద్దున, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే వాసంతికి కనిపించింది సర్వర్ మీద వాడిపోయిన బంతిపూల దండ.

దండ కింద ఆ నల్లటి పెట్టె ముఖాన పసుపు గీతలు, నడుమ ఇంత లావు కుంకుమ బొట్టు. నేల మీద కొబ్బరి నీళ్ళు ఎండిన మరక, దాని చుట్టూ చీమలు, కాలిపోయిన అగరుబత్తి పుల్లలు. ఆయుధపూజ అయిపోయింది. తనకు చెప్పకుండానే అయిపోయింది.

చేతిసంచీ భుజానికి వేలాడుతుండగా ఆమె అక్కడే నిలబడిపోయింది. ఆ ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన నాటి నుంచీ ఆయుధపూజకు ఒక పద్ధతుంది. పూజ జరుగుతున్నంతసేపు ఏ పనిముట్టూ కదలకూడదని చంద్రమౌళి సేటు పట్టుదల. తూకం కాంటా, బస్తాల లిఫ్టు, గోనెలు కుట్టే మిషను, అన్నీ ఆగాల్సిందే. చాంబర్లను చల్లబరిచే మిషన్లకు మాత్రం మినహాయింపు. మిర్చి పాడవుతుందంటే సేటు భక్తికి కూడా ఒక హద్దుంది. సర్వర్‌ను ఆపడం వాసంతి వంతు. ముందు లోపలి డేటాబేస్‌ను ఆపేది. అది చేతిలో పనులన్నీ ముగించుకుని సద్దుమణిగిందని తెర మీద చూసుకునేది. అప్పుడు పెట్టెను ఆపి, పాత గుడ్డతో దుమ్ము తుడిచి, పక్కకు జరిగి, "ఇగ కానియ్యుండ్రి సేటూ" అనేది. ఆ మాట వచ్చేదాకా పంతులు కూడా మంత్రం మొదలుపెట్టేవాడు కాదు. ఏడాదంతా ఎవరి కంటికీ ఆనని మనిషి ఆ కాసేపు అందరికీ కావలసిన మనిషయ్యేది. చిన్న విషయమే కానీ వాసంతి దాన్ని ఏడాది పొడవునా దాచుకునేది.

"సెలవుల్ల గదా, యాది మరిచిండ్రు కావచ్చు" అని తనకు తానే చెప్పుకుని, దండ తీసి పక్కన పెట్టి కుర్చీలో కూర్చుంది.

సర్వర్‌కు లైట్లు వెలుగుతున్నాయి. ఫ్యాన్ మాత్రం గరగరమంటోంది. తన కంప్యూటర్‌లో స్టోరేజీ సాఫ్ట్‌వేర్ తెరిచింది. అది కొంతసేపు గిరగిర తిరిగి, సర్వర్ దొరకడం లేదంది. ఆమె లేచి సర్వర్ తెర ముందుకు వెళ్ళి చూసింది. డేటాబేస్ ఆగిపోయి ఉంది. స్టార్ట్ నొక్కింది. మొదలవుతున్నట్టు చూపించింది, నాలుగు ఊపిర్లు తీసేంతలో మళ్ళీ ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే.

బయట అప్పటికే ట్రాలీ ఆటోలు వచ్చి నిలబడుతున్నాయి. మార్కెట్ తెరిచిన మొదటి రోజు మిర్చికి మంచి ధర పలుకుతుందని రైతులంతా పొద్దున్నే బయలుదేరారు. అందరికంటే ముందు కిటికీ దగ్గరికి వచ్చినవాడు పరకాల వైపు నుంచి వచ్చిన రాయమల్లు. ఎండాకాలంలో బస్తాలు పెట్టి, వాటికి రసీదుగా బాండు తీసుకుపోయిన మనిషి. ఆ బాండు కాగితాన్ని ప్లాస్టిక్ సంచీలో చుట్టి, దాన్ని తువ్వాలలో చుట్టి, పసిపిల్లను అందించినట్టు కిటికీలోంచి అందించాడు.

"జర ఆగు తాతా, సిస్టం లేస్తలేదు" అంది వాసంతి.

"లేవకుంటె మానె. నా బస్తాలు లోపల్నే ఉన్నయి గద బిడ్డా?"

"ఉన్నయి. యే చాంబర్ల, యే ర్యాకుల ఉన్నయో సిస్టం చెప్పాలె."

రాయమల్లు ఆఫీసు వెనుక కొండలా నిలబడ్డ గోదాములను ఒకసారి పైకీ కిందికీ చూశాడు. "అంటె, మిషిని లేవకుంటె నా మిర్చి లేనట్టేనా?" అన్నాడు. వెటకారమేమీ లేదు ఆ గొంతులో. వాసంతి వెళ్ళి మళ్ళీ స్టార్ట్ నొక్కింది.

సేటు వచ్చేసరికి కిటికీ ముందు గుంపు అయింది. ఆయన వెంట తమ్ముడి కొడుకు విజయ్‌కుమార్. మేనేజర్ అన్న పేరూ, చేతిలో ఫోనూ ఉన్న కుర్రాడు.

"ఏమైంది వాసంతీ?"

"డేటాబేస్ లేస్తలేదు సేటూ. లేసినట్టే లేస్తాంది, పడిపోతాంది."

"సెలవులకు ముందు మంచిగనే ఉండె గద. నువ్వు ఏం జేసి పోయినవ్?"

ఆ ప్రశ్న ఆమెకు చురుక్కుమంది. "నేను నడుస్తాంటెనే వదిలిపోయిన. పూజ నాడు ఎట్ల బందు చేసిండ్రు?"

"ఎట్ల చేస్తరక్కా? స్విచ్ బందు చేసినం" అన్నాడు విజయ్‌కుమార్. "యూపీఎస్ కుయ్యికుయ్యిమని మొత్తుకుంటాంటె దాన్ని గూడ బందు చేసిన. పంతులు మంత్రం చదువుతాండు గద."

"అది పనిల ఉన్నప్పుడు కరెంటు తీస్తె సగం రాసిన కాడ ఆగిపోతది సార్. మళ్ళ లేసేటప్పుడు ఆ సగం పని కాడనే తట్టుకొని పడిపోతాంది."

"ఇంట్ల టీవీ రోజూ స్విచ్ కాణ్ణే బందు చేస్తలేమా? దానికి ఏం కాలే" అన్నాడతను.

సేటుకు టీవీ మాట అర్థమైంది, సగం పని మాట అర్థం కాలేదు. "సరే, బ్యాకప్ అని తీస్తుంటవు గద, అది పెట్టు" అన్నాడు.

వాసంతి బీరువాలోంచి చిన్న డిస్కు తీసి కంప్యూటర్‌కు తగిలించింది. తెర మీద వరసగా సినిమాల పేర్లు వచ్చాయి. బ్యాకప్ ఒక్కటీ లేదు. సెలవులకు ముందు ఆ డిస్కును ఇంటికి తీసుకుపోయిందెవరో ఆ గదిలో సేటుకు తప్ప అందరికీ తెలుసు. విజయ్‌కుమార్ తన ఫోన్‌లో ఏదో అత్యవసరమైనది వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఇవేంది?" అన్నాడు సేటు.

సేటు ముందు సేటు కొడుకులాంటివాడి మీద చెప్పడానికి జీతగాళ్ళకు నోరెక్కడిది? ఆమె తల వంచుకుంది. సేటు ఆ వంచిన తలను చూసి తనకు తోచిన అర్థం తీసుకున్నాడు.

"ఇంత పెద్ద కారోబారును నీ మీద ఇడిసిపెట్టి నేను పూజలు చేసుకుంటాన" అన్నాడు మెల్లగా. కోప్పడితే బాగుండేది. "హైదరాబాద్ కంపెనీవోళ్ళకు ఫోన్ చేస్త. ఎల్లుండి వస్తరు. కొత్తది పెడితె ఇక్కడ కూసొని చూసే మనిషి గూడ అక్కర లేదని ఎప్పటికెల్లో చెప్తాండ్రు. నేనే వద్దన్న. ఇగ వాళ్ళిష్టం."

బయటికి వెళ్ళి రైతులకు ఆయనే చెప్పుకున్నాడు. కొందరు తిట్టారు, కొందరు రేపు వస్తామని వెళ్ళారు. రాయమల్లు మాత్రం గోడ నీడన తువ్వాల పరుచుకుని కూర్చున్నాడు.

ఎల్లుండి లోపల ఇది లేవకపోతే తనకు ఈ కుర్చీ ఉండదని వాసంతికి స్పష్టంగా తెలిసింది. జీతం సంగతి తర్వాత. పొద్దున లేచి తయారై ఎక్కడికో వెళ్ళాలి, అక్కడ ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి. ఎండాకాలంలో భర్త సదానందం పోయాక ఆమెను పేరు పెట్టి పిలిచే చోటు ఇదొక్కటే మిగిలింది.

ఏడుపు వస్తే తర్వాత ఏడవచ్చని పనిలోకి దిగింది. ముందుగా, ఉన్నది ఉన్నట్టుగా డేటాబేస్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోటికి కాపీ పెట్టింది. దెబ్బ తగిలినదాన్ని బాగుచేయబోయి ఇంకా పాడుచేస్తే వెనక్కి రావడానికి దారి ఉండాలి కదా. ఆ కాపీ అయ్యేలోగా రెండో పని లేదు. ఫ్యాన్ గరగర గుర్తొచ్చి, పాత పెయింటు బ్రష్ తెచ్చి సర్వర్ పక్క గాలి సందుల్లో తుడిచింది. లోపల్నుంచి అక్షింతలు రాలాయి. పసుపు బియ్యం గింజలు, వాటి వెంట కుంకుమ. ముఖాన పెట్టిన బొట్టు చెమ్మకు కరిగి సందుల్లోకి దిగింది. తడిగుడ్డతో, ఆ తర్వాత వేలి కొసతో గీకి తీసింది. తీసేసరికి ఉంగరపు వేలు ఎర్రబడింది.

ఆ వేలిని చూస్తూ కూర్చుంది. ఇంట్లో కుంకుమ భరిణె ఆడబిడ్డ తీసుకుపోయింది, ఇంకా నీకెందుకని. బతుకమ్మ ఆడే రోజుల్లో తాముండే కొత్తవాడలో వీధి వీధంతా పూల పాటల్లో మునిగి ఉంటే వాసంతి తలుపు దగ్గరకు వేసుకుని టీవీ శబ్దం పెంచుకుంది. ఇప్పుడీ ఎరుపు పని మీద అంటిన ఎరుపు, దీన్ని ఎవరూ తప్పు పట్టలేరు. కాపీ పూర్తయిందని కంప్యూటర్ కూసింది. ఆమె వేలిని గుడ్డకు తుడిచి లేచింది.

డేటాబేస్ సొంతంగా రాసుకునే ఎర్రర్ ఫైలు తెరిచి చదివింది. తాను అనుకున్నదే. కరెంటు పోయినప్పుడు రాస్తున్న చోట ఒక పేజీ పాడైంది. లేచిన ప్రతిసారీ ఆ పేజీని సరిచేయబోయి పడిపోతోంది. దీనికొక మందుంది. సెట్టింగ్స్‌లో ఒక అంకె వేస్తే, 'పాడైనదాని జోలికి పోకు, ముందు లే' అని డేటాబేస్‌కు చెప్పినట్టు. అంకె పెరిగేకొద్దీ అది ఎక్కువ సంగతులు పట్టించుకోకుండా లేస్తుంది, నష్టం కూడా అంతకంతా పెరుగుతుంది. వాసంతి ఒకటి వేసింది. పడిపోయింది. రెండు. పడిపోయింది. మూడు వేసి స్టార్ట్ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కొంచెం ఎక్కువసేపు నిలబడినట్టే నిలబడి పడిపోయింది. నాలుగు వేయడానికి ముందు లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చింది.

నాలుగుతో నిలబడింది.

ఆ సంతోషం చెప్పుకుందామని చుట్టూ చూస్తే గదిలో ఎవరూ లేరు. సేటు మార్కెట్‌కు పోయాడు. కిటికీ అవతల రాయమల్లు కూర్చునే కునుకు తీస్తున్నాడు. సదానందం ఉండి ఉంటే ఫోన్ చేసేది. ఏం అర్థం కాకున్నా, మగ్గం చప్పుడు ఆపి, "లేసిందా? శబాష్" అనేవాడు.

నిలబడిందే కానీ ఆ స్థితిలో అది చదవనిస్తుంది, రాయనివ్వదు. ఉన్నదంతా బయటికి తీసుకుని, కొత్త డేటాబేస్ కట్టి, అందులో పోయాలి. రైతుల వివరాలు వచ్చాయి. బాండ్లు వచ్చాయి. బస్తాలు ఏ చాంబర్‌లో ఉన్నాయో చెప్పే పట్టిక మాత్రం సగంలో తెగిపోయింది. పాడైన పేజీ అక్కడే ఉంది. మూడో చాంబర్ బస్తాల జాడ తెలియదు. మిగతా చాంబర్ల లెక్కలో రాయమల్లు పేరు లేదు, అంటే ఆయన బస్తాలు ఆ మూడో చాంబర్‌వే.

సాయంత్రం విజయ్‌కుమార్ చాయ్ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఈ ఆఫీసులో అతని చేతి చాయ్ ఎవరూ తాగి ఎరుగరు.

"అక్కా, ఆ డిస్కు సంగతి... స్థలం సరిపోలేదని పాతయి తీసేసిన. అవి గంత ముఖ్యమని తెల్వది. పెద్దనాయినకు చెప్పకు."

"నేనెందుకు చెప్త సార్" అంది వాసంతి. "చెప్పాలంటె మీరే చెప్పాలె."

అతను చాయ్ కప్పు అక్కడే వదిలి వెళ్ళిపోయాడు.

ఇంటికి పోయేసరికి పక్కింటి పవర్‌లూమ్‌లు టకటకలాడుతున్నాయి. తమ ఇంట్లో మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఒక్క మనిషికి వండుకోవడం ఆమెకింకా చేత కావడం లేదు, ప్రతిరోజూ మిగిలిపోతుంది. తిన్నాననిపించి, బీరువా తెరిచి సదానందం స్వెటర్ బయటికి తీసి పెట్టుకుంది.

మరునాడు ఆ స్వెటర్ వేసుకుని మూడో చాంబర్ ముందు నిలబడింది. హమాలీలు ఆమెను వింతగా చూశారు. ఆఫీసు మనుషులు లోపలికి రారు. గోనెలు కుట్టే మొగిలమ్మ మాత్రం, "రా బిడ్డా, నేను తోలుకపోత" అని టార్చిలైటు తీసుకుంది. మొగిలమ్మకు అరవై దాటి ఉంటాయి. చెవుల మీదుగా మఫ్లరు బిగించి కట్టుకుని, చలి తన చుట్టమన్నట్టు నడుస్తుంది.

లోపల ఊపిరి పొగలా వచ్చింది. మిర్చి ఘాటు ముక్కుకు, చలి ఎముకలకు. చెక్క ర్యాకుల నడుమ సన్నని దారి. ప్రతి బస్తా మీద రైతు గుర్తూ, బాండు నంబరూ నీలం రంగుతో వేసి ఉంటాయి. మొగిలమ్మ లైటు పట్టి గుర్తు చూపిస్తే వాసంతి నంబరు చదివి ఫోన్‌లో రాసుకుంది. వేళ్ళు కొయ్యబారితే చంకల్లో పెట్టుకుని, మళ్ళీ తీసి రాసింది. ఒక వరస అయ్యాక ఇంకో వరస. గడియకోసారి బయటికి వచ్చి ఎండలో నిలబడి, మళ్ళీ లోపలికి వెళ్ళారు.

మధ్యాహ్నం ఎండలో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పుతూ వాసంతి, "నన్ను పిలుస్తె ఇంత తిప్పలే ఉండకపోవు మొగిలవ్వా. నేను బందు చేద్దును. సెలవుల్ల యాది మరిచిండ్రు" అంది.

మొగిలమ్మ సద్దన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "యాది మరుసుడేంది? యాదికొచ్చే పిలువలేదు బిడ్డా."

"ఏందీ?"

"చిన్న సేటు విజయ్ నీకు ఫోన్ చేస్తనన్నడు. నేను ఆడనే ఊడుస్తాన. సేటు భార్య సరోజనమ్మ వద్దన్నది. 'ఈ యేడాది ఆమెను పూజకు పిలుస్తరా, తెలివి లేదా' అన్నది. మనసొంటోళ్ళను పిలుస్తరా? నా మొగడు పోయి ఎన్నేండ్లాయె, నన్ను యే పూజకు పిలువలే. ఊడువనీకి మాత్రం పిలుస్తరు." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. "ఫికర్ చెయ్యకు. అలవాటైతది."

వాసంతి డబ్బా మూత అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయింది. నిన్నటి నుంచి మరచిపోయారని బాధపడింది. ఇప్పుడు ఒట్టిగా మరచిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. తాను లేనిదే ఆ పెట్టెను ఆపడం ఎవరికీ రాదని వాళ్ళకు తెలుసు. తెలిసీ, తన మొహం కంటే పెట్టె పాడవడమే మేలనుకున్నారు. అన్నం లోపలికి పోలేదు.

"అలవాటు కాదవ్వా నాకు" అంది చివరికి. మొగిలమ్మ ఆమె వంక చూసి, తన పచ్చిపులుసు గిన్నె ఇటు జరిపింది.

ఇద్దరూ లేచి మళ్ళీ లోపలికి వెళ్ళారు. సాయంత్రానికి ఆఖరి వరస అయింది. రాయమల్లు బస్తాలు అన్నిటికంటే లోపల, పై అంతస్తు ర్యాకులో దొరికాయి. ఆ మాట చెబితే ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని, "ఉన్నయి గదా, చాలు. పొద్దుగాల వస్త" అని ఆటో ఎక్కాడు.

వాసంతి సెట్టింగ్‌లో నాలుగు తీసేసి, కొత్త డేటాబేస్ కట్టి, తీసిపెట్టినవన్నీ అందులో పోసి, మూడో చాంబర్ నంబర్లు ఎక్కించింది. ఇక మామూలుగా ఒక్కసారి ఆపి మొదలుపెట్టడమే మిగిలింది. అప్పుడు సేటు ఫోన్ చేశాడు.

"అయిపోవచ్చిందని విజయ్ చెప్పిండు. డిస్కు సంగతి గూడ చెప్పిండు." కొంచెం ఆగాడు. ఆ ఆగడంలోనే ఆయన క్షమాపణ ఏదైనా ఉంటే ఉండాలి, మాటల్లోకి రాలేదు. "ఇప్పుడు స్టార్ట్ చెయ్యకు. మొన్నటి పూజ అచ్చిరాలే. రేపు పదకొండు దాటినంక మంచిగున్నదట. సరోజన వచ్చి కొబ్బరికాయ కొడతది. అప్పుడు విజయ్ స్విచ్ వేస్తడు. నువ్వు జర... బయట రైతులను చూసుకో."

"సరే సేటూ" అంది వాసంతి. ఫోన్ పెట్టేశాక కూడా ఆ 'జర' చెవిలోనే ఉండిపోయింది.

తెల్లవారి ఆమె ఆఫీసుకు వచ్చేసరికే రాయమల్లు గేటు దగ్గర ఉన్నాడు. ఆయన వెనుక మరో పదిమంది. మార్కెట్‌లో కాంటాలు పొద్దున్నే మొదలవుతాయి. పదకొండు దాటాక బస్తాలు దింపితే ఆ రోజు ధర పోయినట్టే. రాయమల్లు బాండు కాగితం చుట్టిన తువ్వాలను గుండెకు ఆనించుకుని కిటికీ ముందు నిలబడ్డాడంతే.

వాసంతి సర్వర్ ముందు కూర్చుంది. రాత్రి సేటుకు సరేనన్న మాట అబద్ధం కాదు, నిజంగానే ఆగుదామనుకుంది. ఇప్పుడు మనసు ఒప్పలేదు. సెట్టింగ్ ఇంకోసారి సరిచూసుకుని, ఒకసారి ఆపి, స్టార్ట్ నొక్కింది. మొదలవుతోంది. మొదలవుతోంది. నడుస్తోంది. ఊపిరి బిగబట్టి చూసింది, నడుస్తూనే ఉంది. ఫ్యాన్ గరగర కూడా లేదు.

"ఇయ్యి తాతా" అని కిటికీలోంచి చెయ్యి చాపింది.

సేటు కారు వచ్చేసరికి రాయమల్లు బస్తాలు ట్రాలీకి ఎక్కుతున్నాయి, కిటికీ ముందు వరస గేటు దాకా ఉంది, ప్రింటర్ గేటు పాసులు కక్కుతోంది. పట్టుచీర కట్టుకున్న సరోజనమ్మ కొబ్బరికాయ, పూలు, కుంకుమ ఉన్న పళ్ళెంతో గుమ్మంలో ఆగిపోయింది. విజయ్‌కుమార్ ఆమె వెనుక నుంచి తొంగి చూశాడు.

"మొదలుపెట్టినవా?" అన్నాడు సేటు. "నేను ఆగుమన్న గద."

"వీళ్ళకు మార్కెట్ అయిపోతది సేటూ" అంది వాసంతి, తెర మీదనుంచి కళ్ళు తీయకుండా. "పూజ చేస్తరా? చేస్తె మళ్ళ బందు చెయ్యాలె. చెయ్యాల్నా?"

సేటు వరసను చూశాడు. నడుస్తున్న సర్వర్‌ను చూశాడు. బందు అన్న మాటకు ఆయన ముఖంలో రంగు మారింది. "వద్దొద్దు. నడువనియ్యి, నడువనియ్యి." ఫోన్ తీసి హైదరాబాద్ వాళ్ళకు రావద్దని చెప్పి, గొంతు సవరించుకున్నాడు. "వచ్చే యేడు పూజకు..." అని మొదలుపెట్టి భార్య వైపు చూసి అక్కడే ఆగాడు.

"పూజకు పిలువకున్నా సరే సేటూ" అంది వాసంతి. "బందు చేసే ముందు పిలువుండ్రి."

సరోజనమ్మ ఎక్కడ చూడాలో తెలియక కర్పూరం వెలిగించి, నడుస్తున్న పెట్టెకే హారతి తిప్పింది. భర్తకు ఇచ్చింది, విజయ్‌కుమార్‌కు ఇచ్చింది. పళ్ళెం వాసంతి దగ్గరికి వచ్చి ఒక క్షణం తటపటాయించింది. తర్వాత, ఏమనుకుందో ఏమో, మెల్లగా ఆమె ముందుకు జరిగింది.

వాసంతి ఒక చేత్తో బాండు పట్టుకుని ఉంది, ఇంకో చేత్తో నంబరు కొడుతోంది.

"చేతులు ఖాళీ లేవమ్మా" అంది. "ఆడ పెట్టుండ్రి."

సరోజనమ్మ పళ్ళేన్ని ప్రింటర్ పక్కన పెట్టింది. వాసంతి గేటు పాసు చింపి కిటికీ అవతలికి అందించి, తర్వాతి రైతును పేరు పెట్టి పిలిచింది.